ఫ్లై మార్చకండి, వేళ మార్చండి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. మీది కోనసీమ, కాలవగట్టున బెండు గాలంతో పెరిగారు. ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగం. ఈమధ్యే ఫ్లై రాడ్ (ఫ్లై, అంటే ఈకలూ దారాలతో పురుగులా కట్టిన ఉత్తుత్తి ఎర, విసిరే గాలం) కొనుక్కుని ట్రౌట్ చేపల కోసం జూన్ రెండో శనివారం న్యూయార్క్ రాష్ట్రంలో రాస్కో ఊరి దగ్గర బీవర్‌కిల్ నదికి వెళ్లారు. పొద్దున పదింటికి నీళ్లలో దిగి సాయంత్రం నాలుగున్నరకి బయటికొచ్చారు. పదకొండు రకాల ఫ్లైలు మార్చారు. చేపలు కళ్లముందే పైకి లేచి ఏదో తింటున్నాయి గానీ మీ ఫ్లైని ఒక్కటీ ముట్టలేదు. "ఇంకేం ఫ్లై కొనాలి? లేకపోతే వానపాములే నయమా?" అని అడిగారు.

ఏమీ కొనకండి. ఆ పదకొండులో కనీసం మూడు పనికొచ్చేవే అయి ఉంటాయి. నేను పద్నాలుగేళ్లుగా ప్రతి మే, జూన్ నెలల్లో క్యాట్‌స్కిల్ కొండల నదుల్లోనూ, డెలావేర్ నది మీదా తిరుగుతున్నాను. మొదటి రెండేళ్లూ మీరు చేసిందే చేశాను. చేప ముట్టకపోతే పెట్టె తెరవడం, ఇంకోటి కట్టడం. ఆ రెండేళ్లలో కొన్న ఫ్లై పెట్టెలు మూడు ఇప్పటికీ గరాజ్‌లో పడున్నాయి. చేపకి నచ్చనిది ఫ్లై కాదు. ఒకటి, మీరు వెళ్లిన వేళ. రెండు, ఆ ఫ్లై నీటిమీద నడిచిన తీరు. రెండోదే అసలు సంగతి, కానీ వేళ తప్పితే దాని దాకా రానే రాము కాబట్టి ముందు అదే చెప్తాను.

ట్రౌట్ చల్లనీళ్ల చేప. మన కొర్రమీనులా తల బయటపెట్టి గాలి పీల్చి బురదలో కూడా బతికేసే రకం కాదు. నీళ్లు 50 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే హాయిగా తింటుంది. 68 దాటితే దానికి ఊపిరాడదు. 50 డిగ్రీల నీళ్లలో లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 70 దగ్గర 9 కూడా ఉండదు. పైగా వేడి పెరిగేకొద్దీ చేప ఒంటికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. జీతం తగ్గిన నెలలోనే ఖర్చులు పెరిగినట్టన్నమాట. బీవర్‌కిల్ దిగువ భాగం వెడల్పెక్కువ, లోతు తక్కువ, నీడ అంతకంటే తక్కువ. ఎండ బాగా కాసిన జూన్ మధ్యాహ్నం 70 దాటడం మామూలే. అలాంటప్పుడు మీకు చేప పడినా సంతోషించాల్సింది లేదు. ఆ పెనుగులాటకి అది అలిసిపోయి, మీరు దాన్ని ప్రాణంతోనే వదిలినా కాసేపటికి చచ్చిపోవచ్చు. జులై, ఆగస్టుల్లో బీవర్‌కిల్‌లో ఒక భాగాన్ని వేటకి పూర్తిగా మూసేస్తారు కూడా. చల్లటి వాగులు వచ్చి కలిసే చోట ట్రౌట్ గుంపులుగా చేరి ప్రాణం కాపాడుకుంటుంది, దాన్ని అక్కడ కూడా వదలకపోతే ఎలా?

కాబట్టి ఏమీ కొనొద్దన్న మాటకి ఒక్క మినహాయింపు: పది పదిహేను డాలర్లు పెట్టి ఒక థర్మామీటర్ కొనండి. దారం కట్టి మోకాలి లోతులో నిమిషంసేపు ఉంచండి. 68 చూపిస్తే గాలం సర్దేసి రాస్కోలో కాఫీ తాగండి.

ఇంకో మాట. పట్టపగలు మీరు చూసిన ఆ లేవడాలన్నీ ట్రౌట్‌వే అనుకోకండి. ఆ నదుల్లో ఫాల్‌ఫిష్ అని ఒకటుంది, మన పరిగెలకి దూరపు చుట్టం. ఎండలో కూడా నీటిమీద టపటపా కొడుతూ కొత్తవాళ్లని ఊరిస్తుంది. నా మొదటి "ట్రౌట్" అదే. ఫొటో తీసి ఇంటికి కూడా పంపాను.

ఏప్రిల్ చివర వెళ్లుంటే మీ టైమింగ్ సరిపోయేది. అప్పుడు నీళ్లు మంచులా ఉంటాయి, మధ్యాహ్నం రెండింటికి కాస్త వెచ్చబడగానే హెండ్రిక్‌సన్ అనే పురుగులు లేస్తాయి, చేపలూ లేస్తాయి. జూన్‌లో లెక్క తిరగబడుతుంది. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత. నన్నడిగితే సాయంత్రమే. అక్కడ జూన్ మధ్యలో పొద్దుగూకేది ఎనిమిదిన్నరకి. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఉండే గంటన్నర, మీరు పడ్డ ఆరున్నర గంటల కష్టానికి పదింతలు. మీరు నాలుగున్నరకి కారెక్కారంటే పెళ్లికి వెళ్లి భోజనాలకి ముందు లేచి వచ్చేసినట్టే.

ఎండలు ముదిరినప్పుడు నేనైతే బీవర్‌కిల్ వదిలేసి వెస్ట్ బ్రాంచ్ డెలావేర్‌కి, అంటే డెలావేర్ నది పడమటి పాయకి పోతాను. రాస్కో నుంచి రూట్ 17 మీద పడమరగా ఇంకో అరగంట పోతే హాంకాక్, అది దాటాక డిపాజిట్. ఊరి పేరే అది, బ్యాంకు కాదు. దానికి ఎగువన కానన్స్‌విల్ డ్యామ్ ఉంది. న్యూయార్క్ నగరం తాగునీటి కోసం 1960ల్లో కట్టారు. శ్రీశైలం కింద ఊళ్లు మునిగినట్టే ఇక్కడ కానన్స్‌విల్ అనే ఊరు జలాశయం అడుగున పడుకుంది, పేరు మాత్రం డ్యామ్‌కి మిగిలింది. జలాశయం లోతుల్లోంచి వదిలే నీళ్లు కాబట్టి బయట 90 డిగ్రీల ఎండ కాస్తున్నా డ్యామ్ దిగువన నది చల్లగానే ఉంటుంది. వేడర్స్ (నీళ్లు చొరబడని పొడవాటి తొడుగు) వేసుకుని నిలబడినా అరగంటకి కాళ్లు జివ్వుమంటాయి. పొద్దు వాలాక వెచ్చటి గాలి ఆ చల్లటి నీళ్లని తాకి నదిమీద నడుము ఎత్తున పొగమంచు పరుచుకుంటుంది. అవతలి ఒడ్డున మనిషి ఛాతీ పైభాగం మాత్రమే కనిపిస్తూ గాల్లో తేలుతున్నట్టుంటాడు. మొదటిసారి చూసినప్పుడు గాలం వేయడం మర్చిపోయాను.

అయితే డ్యామ్ కింద నది అంటే నీటిమట్టం ఒక్కరోజులో మారిపోవచ్చు. బయల్దేరే ముందు యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) సైట్‌లో హేల్ ఎడ్డీ దగ్గర ప్రవాహం కొలిచే గేజ్ చూడండి. ప్రకాశం బ్యారేజీ వార్తల్లో వినే క్యూసెక్కులే అక్కడా. నా లెక్కలో 700 లోపుంటే కొత్తవాళ్లు దిగొచ్చు. వెయ్యి దాటితే గట్టునే ఉండండి.

ఇక పురుగుల సంగతి. తొలకరి పడ్డ సాయంత్రం వీధి దీపం చుట్టూ ఉసిళ్లు మూగడం గుర్తుందా? పొద్దున చూస్తే కింద రెక్కల కుప్ప. ట్రౌట్ తినే మేఫ్లై అనే పురుగు కథ కూడా దాదాపు అంతే. ఏడాదిపాటు నది అడుగున రాళ్లకి కరుచుకుని బతుకుతుంది. వేళ రాగానే పైకి తేలి, నీటిమీదే పాత చర్మం చీల్చుకుని రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరిపోతుంది. అది డన్. ఒకరోజు చెట్టుమీద ఉండి ఇంకోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలొచ్చాక మళ్లీ కుబుసం విడిచే పురుగు లోకంలో ఇదొక్కటే. ఇప్పుడది స్పిన్నర్. దానికి పనిచేసే నోరుండదు, తిండి లేదు. జతకట్టి, నీటిమీద గుడ్లు పెట్టి, రెక్కలు చాపి పడిపోతుంది. చేపకి ఇందులో మూడు పూటల భోజనం ఉంది: పైకి తేలుతూ సగం చర్మంలో చిక్కుకున్నది, తేలి రెక్కలు ఆరబెట్టుకుంటున్నది, చచ్చి కొట్టుకొస్తున్నది.

జూన్‌లో మీరు గుర్తుపట్టాల్సిన మేఫ్లైల్లో ముఖ్యమైంది సల్ఫర్. పచ్చి పసుపుకొమ్ము విరిస్తే లోపల కనిపించే రంగు. దానికి 16 లేదా 18 సైజు హుక్ వాడతారు, 16 అంటే వడ్లగింజంత. బీవర్‌కిల్‌లో పొద్దు వాలే వేళకి వస్తాయి, డ్యామ్ కింద చల్లనీళ్లలో మధ్యాహ్నం మూడు నుంచే మొదలవుతాయి. అందుకే మీలా పగలే తిరగాలనుకునేవాళ్లకి వెస్ట్ బ్రాంచ్ నయం. గ్రీన్ డ్రేక్ పెద్దది, మే చివర, జూన్ మొదట్లో కొన్నాళ్లే, దానికోసం జనం ఆఫీసులకి సెలవు పెడతారు. మీరు వెళ్లేసరికి అయిపోయి ఉంటుంది. నది మధ్యలో రాళ్లమీద నల్లటి ఎండు పొట్టులు అంటుకుని కనిపిస్తే అవి ఐసోనైకియా అనే మేఫ్లైవి. అది ఈదుకుంటూ రాయెక్కి అక్కడ రెక్కలు విప్పుతుంది. ఇవి కాక క్యాడిస్, రెక్కలు గుడిసె కప్పులా ఏటవాలుగా మూసుకునే పురుగు. వీటి లాటిన్ పేర్లన్నీ బట్టీ పట్టిన మనుషులున్నారు. చేపలకి లాటిన్ రాదు.

పేర్ల కంటే ముఖ్యం, చేప ఎలా తింటోందో చూడటం. నదికి చేరాక మొదటి ఇరవై నిమిషాలు రాడ్ కూడా విప్పకండి. గట్టున కూర్చుని చూడండి. ముక్కు బయటికొచ్చి, చేప మునిగాక నీటిమీద ఒక బుడగ మిగిలితే అది పైనున్న పురుగుని మింగింది. నోట్లోకి పురుగుతోపాటు గాలి పోయింది, అదే బుడగగా వచ్చింది. అలా కాకుండా వీపు, తోక మాత్రమే కనిపించి బుడగ లేకపోతే అది నీటి పొరకి వేలెడు కింద తింటోంది. మీరు ఆ రోజు ఎత్తుగా తేలే ఫ్లైలు పదకొండు మార్చారు, చేపలు ఆ పొర కింద తింటూ ఉండి ఉంటాయి. అలాంటప్పుడు కొత్త ఫ్లై అక్కర్లేదు. ఉన్నదాన్నే తడిపి, కింద పీచుని కత్తిరించి, నీటి పొరలో కూర్చునేలా చేస్తే చాలు. ఇక ముక్కు చివర మాత్రం తేలి చిన్న వలయం తిరిగి, మళ్లీ అదే చోట పది సెకన్లకి ఇంకో వలయం కనిపిస్తే అక్కడ పెద్ద చేప ఉందని నా అనుభవం. ఎగిరి నీళ్లు చిమ్మేవి ఎక్కువగా పిల్లకాయలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. డ్రాగ్ అంటారు దాన్ని, మన మాటలో ఈడ్పు.

మూడో ఏడాది జూన్‌లో ఒక సాయంత్రం నేను వెస్ట్ బ్రాంచ్‌లో నడుము లోతులో నిలబడి, అవతలి గట్టు వారన నెమ్మదిగా తింటున్న చేపకి వరసగా నలభై సార్లు వేసి ఉంటాను. గట్టుమీద దుంగమీద ఒక పెద్దాయన కూర్చుని చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక లేచి వచ్చాడు. మేపుల్ చెట్లకి ఆ రోజుల్లో రెక్కల గింజలు రాలతాయి, పిల్లలు హెలికాప్టర్లంటారు. ఒకటి తీసి నా రాడ్‌కి ఎగువన నీళ్లలో పడేశాడు. "నీ ఫ్లైని దీని పక్కనే పడెయ్" అన్నాడు. పడేశాను. అడుగు దూరం రెండూ కలిసి వెళ్లాయి. తర్వాత గింజ దాని దారిన అది నెమ్మదిగా పోతోంది. నా ఫ్లై మాత్రం దాన్ని వదిలేసి, పక్కకి తిరిగి, వెనక సన్నటి గీత గీసుకుంటూ నా వైపు పరుగెత్తింది. గీత అంటే ఎంతనుకున్నారు, పాలమీద మీగడకి వెంట్రుక తగిలినంత. నలభై సార్లూ అదే జరిగింది, నాకు ఒక్కసారీ కనపడలేదు. చేపకి నలభై సార్లూ కనపడింది.

జరిగేది ఇదీ. మీకూ చేపకీ మధ్య నది ఒకే వడిలో ఉండదు. మధ్యలో వడి ఎక్కువ, గట్టు వారన తక్కువ. మీ లైన్ ఆ మధ్య వడిమీద పడుతుంది, ఫ్లై అవతలి నిదానపు నీటిమీద పడుతుంది. మధ్య నీళ్లు లైన్‌ని పట్టుకుని దిగువకి లాగుతాయి, దాంతో లైన్ విల్లులా వంగుతుంది, ఆ వంపు ఫ్లైని ఈడుస్తుంది. నిజం పురుగుకి వెనక దారం ఉండదు కదా. నీళ్లు ఎంత వడిగా పోతే అంతే వడిగా, ఎటు పోతే అటే పోతుంది. ట్రౌట్ బతుకంతా చూసేది అదే. వడ్లగింజంత ఫ్లైకి రెక్క రంగు కాస్త తేడా ఉంటే క్షమిస్తుంది గానీ, నీటికి అడ్డంగా నడిచే పురుగుని క్షమించదు.

ఇక్కడ మీ కాలవ అనుభవం కొంచెం అడ్డొస్తుంది. బెండు గాలంలో దారం బిగువుగా ఉండాలి, బెండు మునగ్గానే గుంజాలి. చేతికి ఆ అలవాటు పడిపోయింది. ఇక్కడ దారం వదులుగా ఉండాలి. వదులుగా అంటే నిర్లక్ష్యంగా కాదు, ఫ్లై దగ్గర మూడు నాలుగు అడుగుల సన్నదారం పాములా మెలికలు తిరిగి నీటిమీద పడాలి. ఆ మెలికలు విప్పుకునేంతసేపు ఫ్లై స్వేచ్ఛగా నడుస్తుంది. మీకు దొరికే టైమ్ అంతే, మూడు సెకన్లో, నాలుగు సెకన్లో. చేప ముక్కు ముందు ఆ నాలుగు సెకన్లు పడేలా చూసుకోవడమే ఈ విద్యంతా.

దానికి నేను చేసేవి చెప్తాను. మొదటిది డబ్బు ఖర్చులేనిది: దగ్గరికి నడవండి. కొత్తవాళ్లందరూ యాభై అడుగులు విసరాలని చూస్తారు. ఇరవై అయిదు అడుగుల్లోకి మెల్లగా, అలలు లేకుండా నడిస్తే మధ్యలో వడి గీతలు తగ్గుతాయి, లైన్ నీటిమీద తక్కువ పడుతుంది. ట్రౌట్ ఎప్పుడూ ఎగువకి ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి వెనకనుంచి వెళ్లండి. అది నీళ్లలోంచి పైకి చూసే కిటికీ గుండ్రంగా ఉంటుంది, లోతుని బట్టి పెద్దదవుతుంది. అడుగు లోతులో ఉన్న చేపకి రెండడుగుల పైచిలుకు వెడల్పు కిటికీ. అంటే పైకి తేలి తింటున్న చేపకి మీరు తక్కువ కనపడతారు, కానీ ఫ్లై కూడా ఆ కాస్త కిటికీలోనే పడాలి. అరగజం పక్కన పడితే దానికి లేనట్టే.

రెండోది, లైన్ గాల్లో ఉండగానే రాడ్‌ని ఎగువ వైపుకి చాచడం. ఫ్లై చేప వైపుకి వెళ్తుంది, లైన్ మాత్రం ఎగువన పడుతుంది. నీళ్లు ఆ వంపుని ముందు సరిచేసి, తర్వాత గానీ ఫ్లైని లాగలేవు. దాన్ని రీచ్ కాస్ట్ అంటారు. మూడోది మెండ్, అంటే పడ్డాక రాడ్ కొనతో లైన్‌ని ఎగువకి తిప్పి వేయడం. అందరూ ముందు నేర్పేది ఇదే గానీ, ఆలస్యంగా చేస్తే ఫ్లై కూడా గెంతుతుంది. పడీపడగానే ఒక్కసారి చేసి ఊరుకోండి. నాలుగోది, బాగా బెదిరిన చేపలకి నేను వాడేది: చేపకి ఎగువన, కాస్త పక్కగా నిలబడి ఫ్లైని దిగువకి వదలడం, రాడ్ ఊపుతూ కొంచెం కొంచెం లైన్ అందిస్తూ పోవడం. చేప ముందు ఫ్లైనే చూస్తుంది, దారం వెనకాల వస్తుంది. వెస్ట్ బ్రాంచ్ చేపలకి పదిలో ఏడుసార్లు ఇదే. కాకపోతే చేప తీసుకున్నాక ఒక క్షణం ఆగి ఎత్తాలి, లేకపోతే నోట్లోంచి ఫ్లై జారిపోతుంది.

ఇది ఇంట్లో నేర్చుకునేది కాదు. నదికి వెళ్లినప్పుడు చేప లేనిచోట అరగంట గింజలూ ఆకుముక్కలూ వేసి, వాటి పక్కన ఫ్లై నడిపి చూడండి. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

విసరడం గురించి ఎక్కువ చెప్పను, మీరు వీడియోలు చూస్తున్నానన్నారు కదా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఇక్కడ బరువు ఎరలో ఉండదు, లైన్‌లోనే ఉంటుంది. వెనక్కి వేసిన లైన్ పూర్తిగా చాపుకునేదాకా ఆగి అప్పుడు ముందుకి తేవాలి. బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపించినట్టు వెనక టప్‌మని చప్పుడొచ్చిందంటే తొందరపడ్డారు. ఫ్లై తెగి పోయి ఉంటుంది, చూసుకోండి. నేను ఒకసారి లేని ఫ్లైతో ముప్పావుగంట వేట చేశాను.

సామాను మీ దగ్గరున్నదే చాలు. తొమ్మిదడుగుల 5 వెయిట్ రాడ్, తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల లీడర్ (లైన్ చివర కట్టే సన్నదారం), దాని చివర 5 ఎక్స్ లేదా 6 ఎక్స్ టిప్పెట్ (ఫ్లై కట్టే ఇంకా సన్నటి కొస). 5 ఎక్స్ అంటే మిల్లీమీటర్‌లో 0.15 మందం. ఫ్లైలు: సల్ఫర్ కాంపరాడన్ 16, తుప్పురంగు స్పిన్నర్ 16, ఎల్క్ హెయిర్ క్యాడిస్ 16, ఫెజంట్ టెయిల్ నింఫ్ (నీళ్లలో ఉండే, రెక్కలు రాని పురుగు రూపం) 16. ఇవి రెండేసి ఉంటే జూన్ గడిచిపోతుంది. పైన చేపలు లేవకపోతే ఆ నింఫ్‌ని అడుగుకి దించండి, అదీ బెండుతోనే, ఇక్కడ ఇండికేటర్ అంటారు. ఆ పని మీకు నాకంటే బాగా వచ్చే ఉంటుంది. బెండు చుట్టూ నీటి నురగ ఎంత వడిగా పోతుందో బెండూ అంతే వడిగా పోవాలి, అదొక్కటే తేడా.

వానపాముల సంగతి అడిగారు. బీవర్‌కిల్, విల్లోవీమాక్ నదుల్లో చాలాచోట్ల నో కిల్ భాగాలున్నాయి. అక్కడ కృత్రిమ ఎరలే వాడాలి, పట్టింది వదలాలి. బోర్డు చూడకుండా వానపాము గుచ్చితే జరిమానా పడుతుంది. పదహారేళ్లు దాటినవాళ్లందరికీ లైసెన్స్ తప్పనిసరి, ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల పని. గట్టున పసుపురంగు పబ్లిక్ ఫిషింగ్ బోర్డులున్నచోట దిగండి, మిగతావి చాలావరకు ప్రైవేటు పొలాలు.

నీళ్లలో దిగడం గురించి మాత్రం నసపెడతాను. అయిదేళ్ల కిందట నడుముకి బెల్టు బిగించకుండా దిగాను. ఛాతీదాకా వచ్చే వేడర్స్ అవి, అడుగు రాయి మీద పాకుడు. కాలు జారింది. పడ్డ రెండు సెకన్లలో వేడర్స్‌లోకి నీళ్లు నిండి కాళ్లు బస్తాల్లా అయిపోయాయి. గోదావరి ఈదినవాణ్నే, అయినా లేవలేకపోయాను. ముప్పై గజాలు కొట్టుకుపోయి ఒక చెట్టు వేళ్లు పట్టుకుని బయటపడ్డాను. ఫోను, కళ్లజోడు, కొత్త రీల్ పోయాయి. ఆ రీల్ అమ్మిన కుర్రాడు బెల్టు గురించి ఒక్క మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. బెల్టు బిగించండి, చేతికర్ర పట్టుకోండి, ఒక కాలు ఊనాకే రెండోది తీయండి, మొదటిసారి ఒంటరిగా వెళ్లకండి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, తలలో టిక్స్ (గోమార్ల లాంటి రక్తం తాగే పురుగులు) కోసం వెతుక్కోండి. జూన్‌లో అవి నువ్వుగింజ కంటే చిన్నవి. వాటి కాటుతో లైమ్ జ్వరం తెచ్చుకున్న స్నేహితుడొకడు ఇప్పటికీ కీళ్లనొప్పులతో ఉన్నాడు.

చేప పడ్డాక సాగదీయకండి, త్వరగా దగ్గరికి తెచ్చుకోండి. హుక్ ముల్లుని ముందే పటకారతో నొక్కేసి ఉంచుకుంటే ఊడదీయడం క్షణం పని. పొడిచేత్తో ముట్టుకోవద్దు, దాని ఒంటిమీద జిగురు పోతే బూజు పడుతుంది. చెయ్యి తడుపుకుని, నీళ్లలోనే ఉంచి, ఎగువకి తల పెట్టి పట్టుకోండి. తనంతట తనే తోక విదిల్చి పోతుంది. మా అమ్మ ఆరునెలల వీసామీద వచ్చినప్పుడు ఒకసారి తీసుకెళ్లాను. పదహారంగుళాల బ్రౌన్ ట్రౌట్ పట్టి వదిలేశాను. "మూడుగంటలు కారు తోలుకొచ్చింది దీనికట్రా?" అంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరి మనిషికి నేనేం చెప్పను? ఆ బ్రౌన్ ట్రౌట్ కూడా మనలాంటిదేనమ్మా, 1883లో జర్మనీ నుంచి గుడ్లుగా ఓడెక్కి వచ్చింది, ఇక్కడి అసలు కాపురస్తురాలు బ్రూక్ ట్రౌట్ అని చెప్పాను. "అయితే వండుకోవచ్చుగా" అంది.

వచ్చే శనివారం వెళ్తానన్నారు. ఎడిసన్‌లో మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరండి, నాలుగింటికి హాంకాక్ చేరతారు. థర్మామీటర్ పెట్టి చూడండి. కాసేపు గింజలతో ఆడుకోండి. ఆరింటికి ఏదైనా తినేయండి, తర్వాత తినబుద్ధి కాదు. ఏడు దాటాక నీళ్లు నెమ్మదిగా పోయేచోట, మడుగు తోక (దిగువ చివర) దగ్గర నిలబడి ఒక్క చేపనే ఎంచుకోండి, కనిపించిన ప్రతిదాని వెంటా పడకండి. ఎనిమిదిన్నర తర్వాత స్పిన్నర్లు రాలతాయి. అవి నీటికి అంటుకుపోయి ఉంటాయి, మీ ఫ్లై మీకే కనపడదు. ఫ్లై ఉండాల్సిన చోట వలయం కనిపించినా, చప్పరించిన చప్పుడు వినిపించినా మెల్లగా రాడ్ ఎత్తండి. హెడ్‌ల్యాంప్ తప్పకుండా తీసుకెళ్లండి. ఫ్లై కట్టడానికి అది వెలిగించేటప్పుడు మాత్రం నదికి వీపు తిప్పి వెలిగించండి, వెలుగు నీటిమీద పడితే ఆ మడుగు ఆ రాత్రికి అయిపోయినట్టే.